ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేయిస్తే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ దుకాణానికి లెక్కలు రాస్తుంటాను. శనివారం సాయంత్రం బ్యాంకు నుంచి అంటూ ఒకరు ఫోన్ చేసి, కేవైసీ పేరుతో నా ల్యాప్‌టాప్‌లో ఎనీడెస్క్ (దూరం నుంచి కంప్యూటర్ నడిపించే యాప్) వేయించారు. ఓటీపీ మాత్రం చెప్పలేదు. రాత్రికి సేవింగ్స్ ఖాతాలో రూ.86,000 పోయినట్టు మెసేజ్ వచ్చింది. జీమెయిల్ పాస్‌వర్డూ మారిపోయింది. సోమవారం బ్యాంకులో నోటిమాటగా చెప్పాను. స్టేషన్‌లో మా పరిధి కాదన్నారు. వెంటనే ఫార్మాట్ కొట్టించమని బావమరిది అంటున్నాడు. కొట్టించవచ్చా?

సమాధానం: ఇప్పుడే వద్దండీ. ఎనీడెస్క్ ఏ ఐడీ నుంచి, ఏ సమయానికి కనెక్షన్ వచ్చిందో తన లాగ్ ఫైళ్లలో రాసిపెట్టుకుంటుంది. ఆ గంటలో మీ ల్యాప్‌టాప్ పరాయివాడి చేతిలో ఉందని చూపేవి అవే. ఫార్మాట్ కొడితే అవీ పోతాయి.

నెట్ తీసేసి, పాత డిస్కు ఊడదీయించి, కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ ఎక్కించుకోండి. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసుకోవాలి, లేకపోతే ఊడదీసిన డిస్కు ఎవరికీ తెరుచుకోదు. పాత డిస్కు సీరియల్ నంబరు ఫొటో తీసి, కవర్లో పెట్టి, తేదీ, సమయం వేసి మీరూ, రిపేరు చేసినతనూ సంతకం చేయండి. టాలీ డేటా కావాలంటే డిస్కుకు క్లోన్ (అచ్చు నకలు) తీయించి, ఆ క్లోన్ నుంచే కాపీ చేసుకోండి. పోలీసులు డిస్కు తీసుకుంటే పంచనామా నకలు అడగండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ ఉండాలి. అందులో హాష్ విలువ (డేటా మారలేదని చూపే, వేలిముద్రలాంటి కోడ్) రాయాలి కాబట్టి క్లోన్ తీసినప్పుడే దాన్ని నమోదు చేయించండి.

ఖాతాల్లో ముందు మెయిల్ చూసుకోండి. మిగతా పాస్‌వర్డులన్నీ మార్చే లింకులు వచ్చేది అక్కడికే. ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా, ఇంతకుముందు ఆ జీమెయిల్ వాడిన ఫోన్ నుంచి, ఇంటి వైఫై మీదే రికవరీకి ప్రయత్నించండి. వాడు రికవరీ నంబరు మార్చినా, 7 రోజుల వరకు పాత నంబరుకు కోడ్ పంపే వీలు గూగుల్ ఇవ్వవచ్చు. ఖాతా చేతికొచ్చాక పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు. ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, యాప్ పాస్‌వర్డులు తీసేసి, అన్ని డివైజుల నుంచి సైన్ అవుట్ చేయాలి. బ్యాంకు మెయిల్స్‌ను నేరుగా ట్రాష్‌లోకి తోసే ఫిల్టరు ఒక్కటి మిగిలినా మీకు తెలియకుండానే ఇంకో దెబ్బ పడుతుంది. ఫోన్‌లో కాల్ ఫార్వర్డింగ్ కూడా చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ పుచ్చుకోండి, నోటిమాటకు రుజువుండదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్ ప్రకారం తప్పు బ్యాంకుదీ మీదీ కాకుండా మూడోవారిదైతే, 3 పనిదినాల్లో తెలిపితే మీ బాధ్యత సున్నా. మెసేజ్ వచ్చిన రోజును లెక్కలోకి తీసుకోరు, ఆదివారం పనిదినం కాదు. అంటే సోమవారం మొదటిది, బుధవారం మూడోది, మధ్యలో సెలవు లేకపోతే. 4 నుంచి 7 పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకు బాధ్యత రూ.10,000 దాటదు. అయితే ఎనీడెస్క్ వేసుకోవడమే మీ నిర్లక్ష్యమని బ్యాంకు తప్పకుండా వాదిస్తుంది. ఆ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. కానీ నిరూపించాల్సిన భారం బ్యాంకుదే. నిర్లక్ష్యమని తేలినా, మీరు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి.

పరిధి కాదన్న మాట చెల్లదు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 173(1) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనైనా సమాచారం నమోదు చేయాల్సిందే, జీరో ఎఫ్ఐఆర్ అంటే అదే. ఐటీ చట్టం కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారి చేయాలి నిజమే, నమోదుకు ఆ అడ్డు లేదు. ఐటీ చట్టం 66సీ (గుర్తింపు దొంగతనం), 66డీ (వేరొకరిలా నటించి మోసం), బీఎన్ఎస్ అంటే భారతీయ న్యాయ సంహిత 318(4) (మోసం) ఫిర్యాదులో ఉదహరించండి. అయినా తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపి, తర్వాత మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఏ ఖాతాలోనైనా మీ డబ్బు ఆగిందని తెలిస్తే, దాన్ని విడిపించమని బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 503 కింద అదే కోర్టులో పిటిషన్ వేయవచ్చు. 1930 ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి.