జీతం లేని ఆరు నెలలు, అన్నయ్యకు చెప్పని లెక్క

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. అంతర్జాతీయ సంబంధాల్లో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. జెనీవాలోని ఐక్యరాజ్యసమితి కార్యాలయంలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యాను. జీతం లేదు, స్టైపెండ్ లేదు. ప్రయాణం, వీసా, బస, బీమా అన్నీ నేనే చూసుకోవాలి. అక్కడి పరిచయాలు లేకుండా ఈ రంగంలో అడుగు పెట్టలేమని సీనియర్లు అంటున్నారు. నాన్నగారు లేరు. నా చదువు ఖర్చంతా అన్నయ్యే భరిస్తున్నాడు. అడిగితే కాదనడు. కానీ పోయిన నెలలో వదిన "ఇంకెన్నాళ్లు?" అనడం పక్క గదిలోంచి విన్నాను. అప్పటి నుంచి నాకు నోరు పెగలడం లేదు. "కొంచెం ఖర్చవుతుంది, నేను చూసుకుంటాను" అని మాత్రం అన్నయ్యతో అన్నాను. నిజానికి నెలకు 1,800 ఫ్రాంకులు కావాలి. పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. వెళ్లమంటారా, మానుకోమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. అవకాశం మంచిదా కాదా అన్నది ఒకటి, అన్నయ్యను ఎలా అడగాలన్నది రెండోది. మొదటిదానికి నేను గట్టిగా "వెళ్లండి" అనేస్తే, ఆ మాట పట్టుకుని రెండోదాన్ని దాటేయవచ్చని మీరు ఆశపడుతున్నట్టు నాకు తోచింది. నాకు మాత్రం రెండోదే ముందు కనిపిస్తోంది. ఖర్చు ఎంత, అది ఎవరి సంపాదనలోంచి వస్తుంది, ఎన్నాళ్లు రావాలి అన్నది తేలితే గానీ ఈ అవకాశం మీకు తగినదో కాదో తేలదు.

మీరు వేసుకున్న లెక్క ప్రకారమే ఆరు నెలలకు 10,800 స్విస్ ఫ్రాంకులు అవుతుంది. విమాన టికెట్టు, వీసా, ఆరోగ్య బీమా, గదికి కట్టే డిపాజిట్ ఇందులో చేరలేదనుకుంటున్నాను. స్విట్జర్లాండ్‌లో ఇంటి యజమాని మూడు నెలల అద్దె దాకా డిపాజిట్ అడగడానికి చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి, మొదటి నెల ఖర్చు తక్కిన నెలల్లా ఉండదు. "కొంచెం ఖర్చవుతుంది" అన్న మాటకూ ఈ అంకెకూ మధ్య ఉన్న దూరమే మీ గొంతుకు అడ్డం పడుతోందని నా అనుమానం. డబ్బు అడగడం కంటే, ఒకసారి తగ్గించి చెప్పిన మాటను సరిదిద్దుకోవడం ఎక్కువ కష్టం. అది ఈ వారంలో చేస్తే చిన్న సవరణతో పోతుంది. జెనీవాలో మూడో నెల అద్దెకు డబ్బు చాలక ఫోన్ చేసినప్పుడు బయటపడితే అబద్ధమైపోతుంది.

వదినగారి మాటను మీరు నిష్ఠూరంగా తీసుకున్నారు. కావచ్చు. అయితే ఆ ఇద్దరి సంసారానికి చెందిన సంపాదనతో మీ చదువు సాగుతున్నప్పుడు, అది ఎప్పటికి ముగుస్తుందో ఎవరూ ఆమెకు చెప్పకపోతే, ఆమె మాత్రం ఇంకెలా అడుగుతుంది? "ఇంకెన్నాళ్లు" అన్నది ఒక తేదీ కోసం వేసిన ప్రశ్న కూడా కావచ్చు. ఆ తేదీ చెప్పగలిగినది మీరొక్కరే. జీతం లేని పని అంటే ఖర్చు లేని పని కాదు. ఆ పని చేయించుకునే సంస్థ కట్టని డబ్బును ఇంకెవరో కడతారు. ఇక్కడ ఆ ఇంకెవరో అన్నయ్య ఒక్కరే కాదు, వదినగారు కూడా. అందువల్ల ఆమె లేని సమయం చూసి అన్నయ్యను ఒంటరిగా అడిగే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక అవకాశం సంగతి. జీతం ఇవ్వకపోవడం మీ అర్హతలోని లోటేమీ కాదు. ఐక్యరాజ్యసమితి సచివాలయం తన ఇంటర్న్‌లెవరికీ జీతం ఇవ్వదు. 2015 ఆగస్టులో న్యూజీలాండ్‌కు చెందిన 22 ఏళ్ల యువకుడొకడు ఇదే జెనీవాలో ఇంటర్న్‌గా చేరి, అద్దె భరించలేక సరస్సు ఒడ్డున గుడారం వేసుకుని ఉంటున్నాడన్న వార్త ప్రపంచమంతా పాకింది. సమస్యను నలుగురి దృష్టికీ తేవాలన్న ఉద్దేశం కూడా ఆ గుడారం వెనుక ఉందని తరువాత అతనే చెప్పాడు. అయినా అతను ఎత్తి చూపిన చిక్కు అబద్ధం కాదు. గంటకు 23 ఫ్రాంకుల కనీస వేతనాన్ని 2020లో ఓటు వేసి తెచ్చుకున్న ప్రాంతం జెనీవా. సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లో అడుగు పెడితే, రెండు నెలలు మించిన విద్యార్థి శిక్షణకు ఎంతో కొంత భృతి ఇచ్చి తీరాలని అక్కడి చట్టం. ఆ రెండింటి నడుమ ఉండి కూడా ఐక్యరాజ్యసమితి భవనంలో పనిచేసే ఇంటర్న్ తన రొట్టె తానే కొనుక్కోవాలి. ఇది సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. కానీ పద్ధతి మారేదాకా ఆగే వ్యవధి మీకు లేదు కదా. అదే నగరంలో ఉన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ, 2020 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, తమ ఇంటర్న్‌లకు స్టైపెండ్ ఇస్తున్నాయి. వాటికి దరఖాస్తు చేశారో లేదో మీరు రాయలేదు. చేయకపోతే ఈ పదిహేను రోజుల్లోనే ఆ పని కూడా చేయండి.

పరిచయాల విషయంలో మీ సీనియర్లు చెప్పింది సగం నిజం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్, 1973లో అచ్చయిన తన వ్యాసానికి ఆధారమైన పరిశోధనలో, బోస్టన్ దగ్గరి ఒక పట్టణంలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను విచారించాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిలో, ఆ తెలిసిన మనిషిని తరచుగా కలిసేవారు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవారు 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివారు 27.8 శాతం. అంటే దగ్గరివాళ్లకంటే దూరపు పరిచయస్థులే ఎక్కువగా దారి చూపారు. దీన్ని మీకు అన్వయించుకుంటే ఒక ఊరట ఉంది: ఆరు నెలలు ఒకే గదిలో కూర్చుని ఒకే అధికారికి ఆత్మీయులు కావలసిన పని లేదు. అయితే దూరపు పరిచయం ఉపయోగపడాలంటే, ఆ మనిషి మిమ్మల్ని ఏదో ఒక పనితో కలిపి గుర్తుపెట్టుకోవాలి. సీనియర్లు చెప్పకుండా వదిలేసిన సగం ఇదే.

నా దగ్గరకు కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి వచ్చింది. వేరే దేశంలో ఆరు నెలలు జీతం లేకుండా పనిచేసి వచ్చిన విద్యార్థిని. సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన విజిటింగ్ కార్డుల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. నలభై దాకా ఉంటాయి. "వీళ్లలో ఎవరికైనా ఈ రోజు ఉత్తరం రాయగలరా?" అని అడిగితే ఒక్కో కార్డూ తిప్పి చూసి పక్కన పెడుతూ పోయింది. చివరకు ఒక్క కార్డు మిగిలింది. ఒక సమావేశంలో నోట్స్ రాసేవాళ్లు రాకపోతే ఈ అమ్మాయి రాసి, ఆ రాత్రే శుభ్రంగా టైపు చేసి పంపిందట. మరుసటి వారం ఆ అధికారిణి మెట్ల మీద ఆపి పేరు పెట్టి పలకరించిందట. తక్కిన ముప్పై తొమ్మిదీ కాఫీ విరామాల్లో చేతులు మారిన కార్డులు. ఆ ఒక్క పరిచయం రెండో నెలలో ఏర్పడింది. ఆ తరువాతి నాలుగు నెలలూ ఏం చేశావంటే హాజరు పట్టికలు సరిచూశానని చెప్పింది.

అందుకే ఒప్పుకునే ముందు మీ విభాగానికి ఒక ఉత్తరం రాయమంటాను. మిమ్మల్ని ఎవరి కింద వేస్తారు, మీ చేతికి ఇచ్చే పని ఏది, మీరు రాసినది ఎవరైనా చదువుతారా, సమావేశాల్లో కూర్చోనిస్తారా అన్నవి మర్యాదగా అడగండి. అడిగితే అవకాశం చేజారుతుందేమోనని భయపడకండి. ఎంపిక అయినవాళ్లు పని వివరాలు అడగడం అక్కడ మామూలే. "అవసరాన్ని బట్టి చెబుతాం" అన్న పొడి జవాబు వస్తే అదీ ఒక సమాచారమే. దానితోపాటే వ్యవధిని మూడు నెలలకు తగ్గించగలరా అని అడగండి. ఈ ఇంటర్న్‌షిప్ కనీసం రెండు నెలలు, అత్యధికంగా ఆరు నెలలు అన్నది వారి సాధారణ నియమం. కాబట్టి మీరు గీత దాటి ఏమీ అడగడం లేదు. మూడు నెలలకు అద్దె, భోజనాల ఖర్చు సగమవుతుంది, మీరు చదువు ముగించే తేదీ కూడా వెనక్కి పోదు. బస వ్యవధిని బట్టి వీసా రకం మారుతుంది కాబట్టి, ఏ పత్రాలు కావాలో వారి మానవ వనరుల విభాగం నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఖర్చు కలిసివస్తుందని ఫ్రాన్స్ వైపు గది తీసుకునే ఇంటర్న్‌లు ఉన్నారు. యూరప్ పౌరులు కానివారు అక్కడ నివసించాలంటే ఆ దేశం అనుమతి వేరే కావాలన్నది మాత్రం మరిచిపోకండి. గది చూడకుండా డిపాజిట్ పంపకండి.

ఇంకొక మాట కటువుగా చెప్పవలసి ఉంది. ఈ ఇంటర్న్‌షిప్ ఉద్యోగానికి హామీ కాదని వారే ముందుగా చెబుతారు. ఆ సంస్థలో యువ అధికారులుగా చేరే ప్రధాన మార్గం ఒక పోటీ పరీక్ష. దానికి వయసు పరిమితి 32 ఏళ్లు, అదీ ఆ ఏడాది పిలుపు అందుకున్న దేశాల పౌరులకే. ఎవరి పరిచయమూ ఆ పరీక్ష రాసి పెట్టదు. పరిచయాలు పనికొచ్చేది మరోచోట: పరిశోధన సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, స్వల్పకాలిక కన్సల్టెన్సీల్లో, "ఈ అమ్మాయి రాత నేను చూశాను" అని ఒకరు ఒక వాక్యం రాసే చోట. ఈ తేడా అన్నయ్యకు చెప్పకుండా "అక్కడికి వెళితే ఉద్యోగం వస్తుంది" అని డబ్బు అడిగితే, తిరిగి వచ్చిన మర్నాటి నుంచే మీ మీద పడే చూపును మీరు భరించలేరు.

అన్నయ్య, వదిన ఇద్దరూ తీరిగ్గా ఉన్న సాయంత్రం చూసి, ఒకే ఒక కాగితంతో కూర్చోండి. అందులో మూడు నెలల ఖర్చు మొత్తం, మీ దగ్గర ఉన్నది, విశ్వవిద్యాలయం నుంచి ప్రయాణ సహాయం గానీ మరేదైనా గ్రాంటు గానీ రాగలిగితే అది, మిగిలిన లోటు వరసగా రాసి ఉండాలి. ముందుగా మాట్లాడవలసింది డబ్బు గురించి కాదు. "ఆ రోజు కొంచెం ఖర్చని చెప్పాను, అది నిజం కాదు, అడగడానికి భయమేసి అలా అన్నాను" అని మొదలుపెట్టండి. పక్క గదిలోంచి విన్నది మాత్రం ఎత్తకండి. ఎత్తితే సంభాషణ మీ గురించి కాకుండా వదినగారి గురించి అయిపోతుంది. తరువాత చదువు ఏ నెలతో ముగుస్తుందో, ఏ నెల నుంచి ఎలాంటి ఉద్యోగమైనా సరే వెతుక్కుంటారో ఆమె వైపు తిరిగి చెప్పండి. లోటును అప్పుగా తీసుకుంటానని మీరే అనండి. అన్నయ్య నవ్వి కొట్టిపారేయవచ్చు. అయినా నెలకు ఎంత చొప్పున తీరుస్తారో ఆ కాగితం కిందే రాసి వదినగారి చేతికివ్వండి.

వాళ్లు ఆలోచించి కాదంటే, అది మీ భవిష్యత్తు మీద తీర్పు అనుకోకండి. ఒప్పుకుంటే, మూడు నెలలకు సంస్థ అంగీకరించి, పని ఏమిటో స్పష్టంగా రాసి పంపితే, వెళ్లమనే నా సలహా. ఆరు నెలలే కావాలి, పని సంగతి వచ్చాక చూద్దాం అని వాళ్లంటే, మీ స్థితిలో నేనైతే వెళ్లను. అలా వదులుకున్నా, మిమ్మల్ని ఎంపిక చేసిన అధికారికి ఊరకే "రాలేను" అని రాయకండి. ఖర్చు భరించలేక మానుకుంటున్నానని దాచకుండా చెప్పి, మీ ఎం.ఏ. పరిశోధన పత్రం సారాంశాన్ని రెండు పేజీల్లో జతచేసి, తీరిక దొరికితే ఒక అభిప్రాయం చెప్పమని అడగండి. దరఖాస్తుల గుట్టలోంచి మీ పేరును ఏరిన మనిషి ఆయన. జెనీవాకు వెళ్లకముందే మీకు ఏర్పడిన మొదటి పరిచయం అదే.