డార్క్ చాక్లెట్ మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం రాత్రి పడుకునే ముందు చదివాను. 'లో కార్బ్ డైట్‌లో డార్క్ చాక్లెట్: పది లాభాలు' అన్నావు. చదివించే గుణం ఉంది నీ రాతలో, దాని గురించి నాకు బెంగ లేదు. కానీ పది లాభాలూ అయిపోయాక కూడా నాకు ఒక సందేహం అలాగే మిగిలిపోయింది. ఎంత తినాలి? వ్యాసం మొత్తం మీద ఒక్క గ్రాము లెక్క లేదు. నువ్వు రాస్తున్నది ప్రతి ముద్దకీ కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, చక్కెర, లెక్కపెట్టుకునేవాళ్ల కోసం. వాళ్లకి లెక్క చెప్పకుండా లాభం చెబితే ఊరు చెప్పి దారి చెప్పనట్టే.

ఒక బార్ తీసి రేపర్ వెనక్కి తిప్పు. ముందువైపు 70 శాతం అని పెద్ద అక్షరాలుంటాయి. చాలామంది దాన్ని చూసి చక్కెర లేదనుకుంటారు. కోకో గింజ నుంచి వచ్చిన పొడి, వెన్న కలిపి 70 వంతులు అని దాని అర్థం. మిగతా 30 వంతుల్లో దాదాపు అంతా చక్కెరే. అంటే 30 గ్రాములు తింటే 9 గ్రాముల చక్కెర, రెండు టీస్పూన్ల పైమాటే. 85 శాతం దాంట్లో అది నాలుగున్నరకి దిగుతుంది, 90లో మూడుకి. దీనికి కోకోలో సహజంగా ఉండే పిండిపదార్థం కూడా కలుపుకోవాలి. సాధారణంగా 70 నుంచి 85 శాతం చాక్లెట్ 100 గ్రాముల్లో కార్బ్స్ 46 గ్రాముల దాకా ఉంటాయి. అందులో ఒంటికి అరగని పీచు 11 పోతే మిగిలేది 35. రెండు చిన్న ముక్కలు, అంటే 20 గ్రాములు తిన్నవాళ్లకి 7 గ్రాములు పడతాయి. రోజుకి 100 గ్రాముల కార్బ్స్ దాకా తినేవాళ్లకి ఇదేం పెద్ద విషయం కాదు. కార్బ్స్ బాగా తగ్గించే కీటో డైట్ పేరుతో 20 గ్రాముల దగ్గర గీత గీసుకున్నవాళ్లకి మాత్రం రోజు కోటాలో మూడోవంతు ఆ రెండు ముక్కలకే పోయింది. ఈ లెక్క నీ వ్యాసంలో మొదటి పేరాలోనే రావాలి.

ఇక లాభాలు. పదింట్లో నేను ఉంచేవి మూడే. నువ్వు ఎనిమిదో చోట ఒక్క ముక్కలో తేల్చేసిన మెగ్నీషియాన్ని ముందుకి తీసుకురా. లో కార్బ్ మొదలుపెట్టినవాళ్లు ధాన్యాలు, పప్పులు తగ్గిస్తారు, వాటితోపాటే మెగ్నీషియం కూడా తగ్గుతుంది. 30 గ్రాముల చాక్లెట్‌లో అది 65 మిల్లీగ్రాములకి అటూఇటూగా దొరుకుతుంది. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది సుమారు 310 నుంచి 420. అంత చిన్న ముక్కకి ఇది తక్కువేం కాదు. రెండోది కొవ్వు. కోకో వెన్నలో మూడోవంతు దాకా స్టియరిక్ యాసిడ్ అనే రకం. సంతృప్త కొవ్వే అయినా మిగతావాటిలా చెడు కొలెస్ట్రాల్‌ని పెంచదు. అలాగని క్యాలరీలు లేకుండా పోవు, 100 గ్రాములకి 600 దగ్గర ఉంటాయి.

మూడోది ఫ్లేవనాల్స్, కోకో గింజలో సహజంగా ఉండే పదార్థాలు. చాక్లెట్ నాలుక మీద కరిగాక నోరు పట్టేసినట్టయ్యే ఆ వగరు చాలావరకు వీటిదే. ఇవి రక్తనాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని పెంచి, నాళాలు కాస్త సడలేలా చేస్తాయి. నువ్వు దీన్ని 'బీపీకి దివ్యౌషధం' అన్నావు. 2017లో వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 35 ప్రయోగాలను కలిపి చూస్తే బీపీలో సగటు తగ్గుదల 2 పాయింట్లు కూడా లేదు. అది కూడా చాలావరకు కొద్ది వారాల ప్రయోగాల్లో. 2022లో ఫలితాలు వచ్చిన కాస్మోస్ అనే పెద్ద పరిశోధనలో 21 వేల మందికి పైగా పాల్గొన్నారు. కోకో సారం తీసుకున్నవాళ్లలో మొత్తం గుండె జబ్బులు స్పష్టంగా తగ్గాయని తేలలేదు. గుండె సంబంధిత మరణాలు మాత్రం తక్కువగా కనిపించాయి. వాళ్లకిచ్చింది రోజుకి 500 మిల్లీగ్రాముల ఫ్లేవనాల్స్ ఉన్న క్యాప్సూల్స్, చాక్లెట్ కాదు. ఖర్చులో కొంత చాక్లెట్లు తయారుచేసే మార్స్ కంపెనీది. ఇవన్నీ రాయి. 'దివ్యౌషధం' కొట్టెయ్.

బరువు తగ్గిస్తుందన్న నీ నాలుగో పాయింట్ దగ్గర నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. 2015లో నేనూ అదే రాశాను. లో కార్బ్ తింటూ రోజూ 42 గ్రాముల డార్క్ చాక్లెట్ తిన్నవాళ్లు 10 శాతం వేగంగా బరువు తగ్గారని జర్మనీ నుంచి వార్త వచ్చింది. నా కాలమ్‌లో మంచి హెడ్డింగ్ పెట్టి మరీ వేసుకున్నాను. కొన్నాళ్లకే జాన్ బొహానన్ అనే సైన్స్ జర్నలిస్టు అసలు సంగతి బయటపెట్టాడు. పరిశోధన చేసింది ఆయనా, ఇద్దరు డాక్యుమెంటరీవాళ్లూ. పేపర్లు ఎంత సులువుగా నమ్ముతాయో చూడ్డానికే చేశారు. ప్రయోగం నిజంగానే చేశారు, కానీ లెక్కలోకి తీసుకున్నది 15 మందిని, అదీ మూడు గుంపులుగా, మూడు వారాలు. బరువు, కొలెస్ట్రాల్, నిద్ర అంటూ 18 రకాల కొలతలు తీశారు. అన్ని కొలిస్తే ఏదో ఒకటి గాలివాటంగా 'ఫలితం'లా కనిపించే అవకాశం 60 శాతం. వాళ్లకి బరువు తగిలింది, అంతే. ఎంతమంది మీద చేశారని నేను ఒక్కసారి అడిగి ఉంటే ఆ కాలమ్ అచ్చయ్యేది కాదు. తర్వాతి వారం సవరణ వేశాను, నాలుగు లైన్లు, కింద మూలన. హెడ్డింగ్ చూసినవాళ్లలో దాన్ని ఎంతమంది చూసి ఉంటారో నువ్వే ఊహించుకో.

నువ్వు రాయనివి కొన్ని ఉన్నాయి. పదార్థాల జాబితాలో 'క్షారంతో శుద్ధి చేసిన కోకో' అని ఉంటే రంగు నల్లగా, రుచి మెత్తగా ఉంటుంది గానీ ఫ్లేవనాల్స్ చాలా మటుకు పోయి ఉంటాయి. నలుపు చూసి కొనేవాళ్లకి ఇది చెప్పాలి. 'షుగర్ ఫ్రీ' బార్లలో తరచుగా చక్కెర బదులు మాల్టిటాల్ అనే తీపి పదార్థం వాడతారు. అది కూడా రక్తంలో చక్కెరని కొంత పెంచుతుంది, కాబట్టి దాన్ని కార్బ్స్ లెక్కలోంచి పూర్తిగా తీసేయకూడదు. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు. 2022 డిసెంబర్‌లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల సంస్థ 28 డార్క్ చాక్లెట్లను పరీక్షిస్తే 23 ఇబ్బందికరంగా తేలాయి. రోజుకి ఒక ఔన్సు, అంటే 28 గ్రాములు తిన్నా, ఒంటికి హాని చేసే లోహాలైన సీసమో కాడ్మియమో, వాళ్లు కొలమానంగా తీసుకున్న కాలిఫోర్నియా రాష్ట్ర హద్దు దాటింది. కాడ్మియం నేలలోంచి చెట్టు పీల్చుకునేది, సీసం ఎక్కువగా గింజలు ఎండబెట్టేటప్పుడు దుమ్ములోంచి అంటుకునేది. భయపెట్టక్కర్లేదు. ఒకే బ్రాండ్ రోజూ తినొద్దనీ, గర్భిణులు, పిల్లలు మరింత తగ్గించుకోవాలనీ రెండు వాక్యాలు చాలు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు లో కార్బ్‌కి మారే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, ఇది చాక్లెట్ కంటే ముఖ్యం, ఎక్కడో చివర ఇరికించకు.

పేరులోంచి 'పది' తీసేయ్. ఆదివారంలోగా మళ్లీ పంపు. నువ్వు చూసి రాసిన బార్ లేబుల్ ఫోటో కూడా జతచెయ్, లెక్కలు నేనూ ఒకసారి వేసి చూస్తాను.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన