బాబు చేతికి కట్టు కట్టించాం.. వేళ్లు ఉబ్బాయి. నల్లేరు పచ్చడి పెట్టొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 6 ఏళ్లు. ఆదివారం సాయంత్రం జామచెట్టు ఎక్కి జారి, కుడిచేయి నేలకు ఆనించి పడ్డాడు. మోచేయి బాగా వాచింది. వేళ్లు కదుపుతున్నాడు కదా, బెణికి ఉంటుందిలే అని ఎక్స్‌రే తీయించలేదు. పక్క ఊళ్లో గుడ్డుసొన, మినప్పిండి పట్టించి వెదురు బద్దలతో కట్టు కట్టించాం. సోమవారం రాత్రి నుంచి నిద్రపోవడం లేదు, ఒకటే ఏడుపు. వేళ్లు కొంచెం ఉబ్బాయి. మెడికల్ షాపులో ఇచ్చిన నొప్పి సిరప్ పోస్తే ఓ రెండు గంటలు పడుకుంటున్నాడు. ఎముక బలానికి నల్లేరు పచ్చడి పెట్టొచ్చా? పాలు ఎంత తాగించాలి? కట్టు ఎన్ని రోజులు ఉంచాలి?
- ఓ పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: నల్లేరు సంగతి తర్వాత. ముందు ఆ కట్టు విప్పాలి, అదీ ఈ గంటలోనే. మీ మెయిల్ చూడగానే మీకు ఫోన్ చేయమని డెస్కులో చెప్పాను. ఇలాంటి కట్టుతో పిల్లల్ని ఇంట్లో ఉంచుకున్న మిగతావాళ్లు కూడా చదువుతారని ఇక్కడ రాస్తున్నాను.

బాబును చూడకుండా ఫలానాది అని తేల్చి చెప్పలేను. కానీ చాచిన చేతి మీద పడటం, మోచేతి వాపు, బిగుతు కట్టు, ఆగని ఏడుపు, ఉబ్బిన వేళ్లు.. ఇన్నీ కలిసి వస్తే ఏ ఎముకల డాక్టరూ తెల్లారనిద్దాం అనడు.

5 నుంచి 7 ఏళ్ల పిల్లలు ఇలా పడినప్పుడు మోచేతికి కాస్త పైన, దండచేతి ఎముక పల్చగా ఉండే చోట ఎక్కువగా విరుగుతుంది. దీన్ని సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్ అంటాం. చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని, మూడు ముఖ్యమైన నరాలు ఆ పక్కనుంచే వెళ్తాయి. దెబ్బ తగిలాక 24 నుంచి 48 గంటల దాకా వాపు పెరుగుతూనే ఉంటుంది. ఆదివారం సరిపోయిన కట్టు సోమవారం రాత్రికి ఉచ్చులా బిగుసుకోవడం అందుకే. గుడ్డుసొన, పిండి ఎండితే అట్టకట్టి గట్టిపడుతుంది, సాగదు. బయటికి చోటు లేక వాపు లోపలి కండరాల్నే నొక్కుతుంది, రక్తం అందదు. ఇదే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. దాదాపు 6 గంటలు అలా గడిస్తే కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత వేళ్లు లోపలికి ముడుచుకుపోయి గద్ద గోళ్లలా ఉండిపోతాయి, ఏ ఆపరేషనూ పాత చేతిని తిరిగి ఇవ్వలేదు. ఎముక విరిగితే అతికించగలం, చచ్చిన కండరాన్ని బతికించలేం.

దీన్ని పట్టిచ్చేది నొప్పే. కదలకుండా పడుకోబెట్టినా తగ్గదు, మందు వేసిన కాసేపటికే మళ్లీ మొదలవుతుంది. ముడుచుకున్న వేళ్లను మీరు మెల్లగా చాచితే పిల్లాడు కేక పెడతాడు. "నాడి కొట్టుకుంటోంది, పర్లేదు" అని ఎవరన్నా నమ్మొద్దు. నాడి పోవడం చాలా ఆలస్యంగా కనిపించే లక్షణం. గోరు 5 సెకన్లు నొక్కి వదలండి, 2 సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు పాలిపోయినా, నీలమైనా, చల్లబడినా, మొద్దుబారినా అప్పటికే ఆలస్యమైనట్టు.

కత్తెరతో కట్టును పైనుంచి కిందిదాకా నిలువుగా కత్తిరించండి. పై గుడ్డ ఒక్కటే కోసి ఊరుకుంటే లాభం లేదు, లోపలి దూది, ఎండిన పట్టు కూడా చర్మం కనిపించేదాకా తెరుచుకోవాలి. గట్టిగా అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో తడపండి, మోచేతిని మాత్రం లాగొద్దు, వంచొద్దు. చేతిని గుండె ఎత్తులో ఉంచండి. మామూలు వాపుకు చేయి పైకెత్తమంటాం కానీ ఇలాంటప్పుడు ఇంకా ఎత్తితే రక్తం మరింత తగ్గుతుంది. ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినిపించకండి, చివరిసారి ఎప్పుడు తిన్నాడో గుర్తుపెట్టుకోండి. విప్పగానే ఏడుపు ఆగినా సరే, ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు ఉంటే వెంట తీసుకెళ్లండి.

దారిలో చేయి ఊగకుండా బద్ద పెట్టాలి కదా. విరిగిన చోటికి పైనున్న కీలు, కిందున్న కీలు రెండూ కదలకూడదన్నది సూత్రం. మోచేతికైతే చంక కింద నుంచి అరచేతి దాకా. అట్టపెట్టె ముక్క, మందంగా మడిచిన దినపత్రిక చాలు, ఇనుప స్కేలు వద్దు. చేయి ఏ వంపులో ఉందో అట్టనూ అదే వంపులో మడవండి, చేతిని అట్టకు తగ్గట్టు సరిచేయకండి. వాచిన మోచేతిని లంబకోణం దాటి మడిస్తే ధమని నలుగుతుంది. లోపల తువ్వాలు గానీ దూది గానీ పరిచి, రెండు మూడు అంగుళాల వెడల్పు చున్నీ ముక్కలతో, విరిగిన చోట కాకుండా దానికి పైనా కిందా కట్టండి. ముడి అట్ట మీద పడాలి. కట్టు కింద మీ వేలు సులువుగా దూరాలి. వేళ్ల కొసలు బయటే ఉండాలి, లేకపోతే గోళ్లు చూడలేం. కట్టకముందే గాజు, ఉంగరం, మణికట్టుకున్న కాశీదారం తీసేయండి. దారం కోయడానికి చాలామంది వెనకాడతారు, వాచిన చేతికి అదే మొదటి ఉచ్చు. కట్టాక ప్రతి 15 నిమిషాలకోసారి గోరు నొక్కి చూడాలి.

ఇక, వేళ్లు కదిపితే విరగనట్టే అనుకోవడం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఆలస్యానికి కారణం ఈ నమ్మకమే! వేళ్లను కదిపే కండరాలు చాలావరకు ముంజేతిలో ఉంటాయి, పైన ఎముక విరిగినా అవి పనిచేస్తాయి. వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట చురుక్కుమంటే, అది విరిగిందనుకునే ఎక్స్‌రే తీయించాలి. చీలమండ మెలిపడ్డాక 4 అడుగులు వేయలేకపోయినా అంతే. మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో గుంట పడే చోట నొప్పి ఉంటే మొదటి ఎక్స్‌రే బాగున్నా 10 నుంచి 14 రోజులకు మళ్లీ తీయించాలి. బాత్రూంలో జారిపడిన పెద్దావిడ కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగిందనుకోండి, లేపి నడిపించకండి. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే పసుపు, కాఫీపొడి అద్దకుండా శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి.

ఆ సిరప్ ఏమిటో మీరు రాయలేదు. పారాసిటమాల్ అయితే కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల బిడ్డకు 300, రోజుకు 4 సార్లకు మించకూడదు. అంత వేసినా నొప్పి ఆగడం లేదంటే మోతాదు పెంచడం కాదమ్మా చేయాల్సింది, కట్టు చూడటం.

మీరడిగినవి. నల్లేరు పచ్చడి బాబు తింటానంటే దురద పోయేలా బాగా వేయించి చేసి పెట్టండి. పాలు, గుడ్డు, రాగిజావ మామూలుగా ఇచ్చినట్టే ఇవ్వండి. పిల్లల ఎముక ఎలాగూ అతుకుతుంది, వంకరగా ఉంటే వంకరగానే అతుకుతుంది. మణికట్టు దగ్గరి వంకర ఎదిగేకొద్దీ చాలావరకు సర్దుకుంటుంది గానీ మోచేతి దగ్గర ఆ ఎదుగుదల తక్కువ. ఎముక పక్కకు జరిగి ఉంటే సన్నటి తీగలు గుచ్చి సరిచేస్తారు, సాధారణంగా 3, 4 వారాల్లో తీసేస్తారు. జరగకపోతే సరైన స్లాబ్ (ఒకవైపే వేసే సిమెంటు కట్టు) చాలు. అది ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాలి.

ఆసుపత్రిలో వేసిన కట్టు తీశాక మోచేయి కొన్ని వారాలు బిగుసుకునే ఉంటుంది. నూనె రాసి మర్దన చేయించొద్దు, బలవంతంగా లాగించొద్దు. అలా చేస్తే కండరంలో ఎముక పేరుకుని అసలు మడవలేని స్థితికి రావచ్చు. బంతి ఇచ్చి ఆడుకోనివ్వండి, వాడే వంచుకుంటాడు.