పిల్లల చేత ఇంట్లో వాడుకునే వస్తువే చేయించండి

"వేసవి సెలవులకి పిల్లలిద్దరూ ఇంట్లోనే ఉంటారు. ఫోన్ పట్టుకోకుండా వాళ్ల చేత సులభంగా చేయించగలిగే స్వీట్లు, క్రాఫ్ట్‌లు ఏమైనా చెప్పండి, ఖర్చు తక్కువ అవ్వాలి" అని అడిగారు. మా ఇంట్లోనూ ఇద్దరే. పెద్దది నాలుగో తరగతి, చిన్నవాడు ఒకటో తరగతి. మాది రాజమండ్రి, మే నెల ఎండకి కొదవలేదు. ఈ జవాబు మొత్తం ఆ ఎండని నమ్ముకునే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లలు చేసేది పూర్తయ్యాక ఇంట్లో రోజూ వాడేదై ఉండాలి. తినేదైతే ఇంట్లోవాళ్లు మళ్లీ అడిగి తినేదై ఉండాలి. టీవీ పక్కన వారం పెట్టి తర్వాత చెత్తలో వేసేదాన్ని చేయిస్తే, ఆ సంగతి మనకన్నా ముందు పిల్లలకే తెలిసిపోతుంది. మర్నాటి నుంచి దాని వంక కూడా చూడరు. మనమేమో "వీళ్లకి దేనిమీదా శ్రద్ధ లేదు" అనుకుంటాం.

మా ఇంట్లో బాగా కుదిరింది కాగితం గుజ్జు బుట్ట. ఇది మా అత్తయ్యగారు నేర్పింది. గోదావరి జిల్లాల్లో పాతకాలం ఇళ్లల్లో చేటలకీ బుట్టలకీ ఈ గుజ్జు పూసేవారు, సందులు పూడుకుని గింజ కారిపోకుండా ఉంటుందని. ఉత్త గుజ్జుతోనే బుట్టలు కూడా చేసేవారు. నేను పాత పేపర్లు అమ్మేద్దామని కట్ట కడుతుంటే ఆవిడ ఆపి, "ఉంచమ్మా, పిల్లలకి పని చెబుతాను" అన్నారు.

మొదటి పని కాగితాలు చింపడం. పుస్తకం చింపితే తిట్లు తినే పిల్లాడికి "ఎంత కావాలంటే అంత చింపు" అని చెప్పి చూడండి. మా చిన్నవాడు ఆ పూటంతా కదల్లేదు. పెద్దది అంగుళం ముక్కలుగా వరసగా చింపింది, వాడు చేతికొచ్చినట్టు పీకాడు. రెండూ పనికొస్తాయి. ముక్కలన్నీ బకెట్లో వేసి మునిగేదాకా నీళ్లు పోశాం. మూడు రోజులు నానాలి. రోజూ నీళ్లు మార్చాలి, మొదటి రోజు నీళ్లు సిరాతో బూడిద రంగులో దిగుతాయి. ఆ నీళ్లు పారబోయడం ఎవరి వంతన్నదే మా ఇంట్లో పెద్ద తగువు.

మూడో రోజు రాత్రి గుప్పెడు మెంతులు విడిగా నానబెట్టాను. పొద్దున్నే కాగితాన్ని గట్టిగా పిండి, మెంతులతో కలిపి రోట్లో వేసి దంచాం. రోలు లేకపోతే మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పొచ్చు, కానీ పిల్లలకి దంచడంలో ఉన్న సరదా మిక్సీలో రాదు. చిన్నవాడు ముక్కు మూసుకుని, "నానమ్మా, ఇది కూర వాసన వస్తోంది" అన్నాడు.

"మెంతులు రా నాన్నా. జిగురుకి జిగురు, చేదుకి చేదు. పురుగు దగ్గరికి రాదు" అన్నారు అత్తయ్యగారు.

"మరి మనం తింటాం కదా?"

"మనం పురుగులమా?"

వాడు చాలాసేపు ఆలోచించాడు.

గుజ్జు చపాతీ పిండిలా ముద్దకి రావాలి. ఒక స్టీలు గిన్నె బోర్లించి, దానిమీద తడిపిన పాత నూలు గుడ్డ పరిచాం. గిన్నె అడుగు సన్నగా, నోరు వెడల్పుగా ఉన్నది తీసుకోండి. గుజ్జు ఆరేకొద్దీ బిగుసుకుంటుంది, నిట్టనిలువు గిన్నె అయితే ఊడి రాదు. ఆ గుడ్డ మీద గుజ్జుని వేలెడు మందాన అద్దుకుంటూ పోవాలి. అడుగున నిలబడటానికి చిన్న చుట్టలాగా చేసి అంటించాలి. పెద్దది నిదానంగా, అంచు సమంగా వచ్చేలా అద్దింది. చిన్నవాడిది ఒకవైపు బొద్దుగా, ఇంకోవైపు పలచగా వచ్చింది. నేను సర్దబోతే అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అది వాడి బుట్ట, వాడి ఇష్టం. ఈ ఒక్క విషయంలో తల్లులందరూ ఆవిడ మాట వినాలని నా కోరిక.

మొదటి రోజు నీడలోనే ఆరనివ్వాలి, తిన్నగా ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. రెండో రోజు డాబా మీదకి ఎక్కించాం. ఆ సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి, మబ్బు, టపటపా పెద్ద చినుకులు. నేను వంటింట్లో ఉన్నాను. నాకు వాన సంగతి తెలిసేసరికే పెద్దది చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి, తన బుట్ట ఒక చంకలో, తమ్ముడి బుట్ట ఇంకో చంకలో పెట్టుకుని దిగిపోతోంది. తీగ మీద ఆరేసిన బట్టలన్నీ తడిసిపోయాయి. వాటిని తేవాలన్న ఆలోచనే దానికి రాలేదు. నేను ఏమీ అనలేదు. తన చేత్తో చేసిన వస్తువు కోసం పిల్ల అలా పరిగెత్తడం నేను అంతకుముందు చూడలేదు.

మర్నాడు సగం ఆరాక గిన్నె నుంచి విడదీసి, లోపలివైపు ఎండ తగిలేలా తిప్పి పెట్టాం. పూర్తిగా ఆరాక వేలితో కొడితే చెక్క చప్పుడొస్తుంది. పైన పలచగా మెంతిపిండి పూసి, అత్తయ్యగారి పాత పట్టుచీర అంచు చుట్టూ అంటించాం. పెద్దది తెల్లరంగుతో చుక్కల ముగ్గు వేసింది, చిన్నవాడు బస్సు బొమ్మ వేశాడు. ఇప్పుడు ఒకదాంట్లో ఉల్లిపాయలు, ఒకదాంట్లో వెల్లుల్లి. తడి వస్తువు పెట్టకూడదు, అంతే. న్యూస్‌పేపరు సిరా ఉంటుంది కాబట్టి తినేవాటిని కూడా నేరుగా అందులో వేయొద్దు. తినే సరుకు న్యూస్‌పేపర్లో చుట్టొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లో చెప్పింది, 2023లో మళ్లీ చెప్పింది. అందుకే పొట్టు ఉన్నవే పెడతాను, వాటి పొట్టు ఎలాగూ తీసేస్తాం.

ఇది ఏదో పేదరికపు పని అనుకునేవాళ్లకి ఒక మాట. తెలంగాణలోని చేర్యాలలో కథల పటాలు గీసే నకాషీ కళాకారులు మాస్కులు చేసేది రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతోనే. కొండపల్లి బొమ్మల్లో కాళ్లూ చేతులూ అతికేది, నునుపు చేసేది కూడా అలాంటి ముద్దతోనే. ఆ బొమ్మలు చెక్కే తేలికైన పొణికి చెక్క మీద ఆ ముద్ద ఆరాకే రంగు ఎక్కుతుంది. చింతపండు పిసికాక గింజలు మన వంటింట్లో ఊరికే పడి ఉంటాయి. వాటిని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అది మన ఇంట్లోనే ఉండగా గ్లిట్టర్ గ్లూ ట్యూబు కొనడం నాకు అర్థం కాదు. ఆ గ్లిట్టర్ పిల్లల కళ్లల్లో, పక్కబట్టల్లో, చివరికి అన్నంలో కూడా తేలుతుంది. ఆన్‌లైన్లో వచ్చే క్రాఫ్ట్ కిట్లు కూడా అంతే. పెట్టె పెద్దది, లోపల నాలుగు ఫోమ్ షీట్లు, అన్నీ ముందే కత్తిరించి ఉంటాయి. పిల్లకి మిగిలిన పని అంటించడమే.

ఇక స్కూల్ ప్రాజెక్టుల గురించి నాకు నిజంగా బాధ ఉంది. ఒకసారి మా పెద్దదాన్ని సౌర కుటుంబం మోడల్ చేసి తెమ్మన్నారు. స్టేషనరీ షాపులో థర్మాకోల్ బంతుల కోసం తల్లిదండ్రుల క్యూ. మాది తనే మట్టి ఉండలతో చేసుకుంది, శని వలయానికి గాజు పెట్టింది. క్లాసులో చూస్తే ఎక్కువ భాగం నాన్నలు అర్ధరాత్రి దాకా కూర్చుని చేసినవేనని చూడగానే తెలుస్తోంది. బహుమతి లైట్లు వెలిగేదానికి ఇచ్చారు. ఆ పిల్లాడికి అందులో స్విచ్ ఎక్కడుందో కూడా తెలియదు, పాపం వాడి తప్పేముంది? టీచర్లకి ఒక్కటే మనవి. ఎనిమిదేళ్ల పిల్ల చేసింది ఎనిమిదేళ్ల పిల్ల చేసినట్టే ఉండాలి. అలా ఉన్నదానికే మార్కులు వెయ్యండి.

మీరు స్వీట్లు కూడా అడిగారు. బిస్కెట్లు పొడి చేసి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి, చాక్లెట్ సిరప్ పోసే కేకులు వీడియోల్లో చాలా కనిపిస్తాయి. కొన్న తీపిని కొన్న తీపితో కలపడం అది. దాని బదులు సున్నుండలు చేయించండి. గ్లాసు మినపగుళ్లు, ఒక చెంచా బియ్యం కలిపి సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా మీరు వేయించండి. చల్లారాక మిక్సీలో పొడి చేయండి. ముప్పావు గ్లాసు బెల్లం తురుము పిల్లల చేత కలిపించి, అంతా కలిసేలా ఇంకోసారి తిప్పండి. గోరువెచ్చటి నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టడం పూర్తిగా వాళ్లకే వదిలేయండి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. నిలవకపోతే ఇంకో చెంచా నెయ్యి. ఇది పిల్లలు చేత్తోనే కనిపెడతారు. కొలత చెప్పక్కర్లేదు. పల్లీ చిక్కీ, మరమరాల ఉండలు మాత్రం చిన్నపిల్లలతో వద్దంటాను. వాటికి పాకం పట్టాలి, బెల్లం పాకం చర్మానికి అంటుకుందంటే వేడినీళ్ల కన్నా ఘోరంగా కాలుతుంది. పాకం పెద్దవాళ్ల పని.

వేసవిలో మాత్రం నా మొదటి ఓటు మామిడి తాండ్రకే. దీనికి పొయ్యి అవసరమే లేదు. ఆత్రేయపురం అనగానే అందరూ పూతరేకులు అంటారు, వాటికి 2023లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందనే ముద్ర) కూడా వచ్చింది. కానీ ఆ ఊరి తాండ్ర కూడా అంతే గొప్పది, దాని పేరు ఎవరూ ఎత్తరు, నాకది అన్యాయం అనిపిస్తుంది. పెద్ద రసాలు గానీ చిన్న రసాలు గానీ తెచ్చి పిల్లల ముందు పెట్టండి. పిసికి రసం తీయడం వాళ్ల పని. పాత బట్టలు వేయండి, నేల మీద కూర్చోబెట్టండి, టెంకలు చీకినా ఏమీ అనకండి, కడుక్కుని వచ్చి మళ్లీ పిసుకుతారు. పీచు లేకుండా జల్లెడలో వడకట్టి, నాలుగు గ్లాసుల రసానికి గ్లాసు బెల్లం తురుము కరిగించండి. పండు బాగా తియ్యగా ఉంటే ఇంకా తగ్గించొచ్చు. నెయ్యి రాసిన పళ్లెంలో అట్టు మందాన పోసి, పైన పలచటి గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నాకే రెండో పొర. అలా ఐదారు పొరలు. ఒక్కో పొరకి మంచి ఎండైతే ఒక పూట, మబ్బు పడితే రెండు రోజులు.

ఇన్ని రోజులు పిల్లలు ఆగుతారా అంటారేమో. ఆగుతారు. పొద్దున్నే డాబా ఎక్కి పొర ఆరిందో లేదో చూసి రావడం వాళ్లకి డ్యూటీ అయిపోతుంది. మా పెద్దది క్యాలెండర్ మీద పెన్సిలుతో పొరల లెక్క రాసుకుంది. బుట్టా తాండ్రా చేసిన ఆ నెలలో వాళ్లలో వచ్చిన ఓపిక ఏ సమ్మర్ క్యాంపులోనూ రాదు, నేను గట్టిగా చెప్పగలను. చిన్నవాడి చేతిరాత కూడా బాగుపడింది. గుజ్జు అద్దిన వేళ్ల బలమే అదని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

అపార్ట్‌మెంట్లో డాబా తాళం ఇవ్వకపోతే పడమటి బాల్కనీ సరిపోతుంది, కాకపోతే తాండ్రకి రోజులు ఎక్కువ పడతాయి. చీమలు ఎక్కకుండా పళ్లెం కింద నీళ్ల గిన్నె పెట్టండి.

రెండిట్లో ఏది ముందు మొదలుపెట్టాలంటే తాండ్రే. తొలకరి పడ్డాక రసాలూ దొరకవు, ఎండా ఉండదు. కాగితాలకి ఆ తొందర లేదు. అయితే పాతపేపర్లాయన వచ్చే లోపు కట్ట పక్కన పెట్టుకోండి.