మణికట్టు విరిగాక ఇంటిపనులతో చేయించే చికిత్స గురించి

మణికట్టు ఎముక విరిగి, కట్టు విప్పిన మీ అమ్మగారి చేత ఆక్యుపేషనల్ థెరపిస్టు (గాయం లేదా జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా చికిత్స చేసే నిపుణులు) పిండి కలిపిస్తున్నారని, ఇంటిపని చికిత్స ఎలా అవుతుందని అడిగారు. నిస్సందేహంగా అది చికిత్సే. నాకు కుడి మణికట్టు విరిగినప్పుడు ఈ పద్ధతిలోనే చేయి తిరిగి వాడుకలోకి వచ్చింది.

వారాల తరబడి కట్టులో ఉన్న చేతికి ఎముక అతికినా కీళ్లు బిగుసుకుపోతాయి, పట్టు తగ్గిపోతుంది. నాకు అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది అరచేతిని పైకి తిప్పడం. అది రానిదే తీర్థం కూడా పట్టలేము. నేను రోజూ చేసే పనుల్లో ఏవి ఆగిపోయాయో థెరపిస్టు మొదటే వివరంగా అడిగి, వాటినే వ్యాయామాలుగా మలిచారు. అన్నం కలిపి ముద్ద చేయడంలో వేళ్లన్నీ ముడుచుకుంటాయి, ముద్దను నోటికి అందించడంలో ముంజేయి తిరుగుతుంది. ముగ్గు వేసేటప్పుడు గీత సన్నగా రావాలంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టిన పిండిని తగినంతే వదలాలి కనుక, వేళ్లకు అదుపు వస్తుంది.

ఊరికే చేసుకునే ఇంటిపనికీ దీనికీ ఉన్న తేడా అంతా థెరపిస్టు ఎంపికలోనూ, పర్యవేక్షణలోనూ ఉంది. చపాతీ పిండిని మొదట బాగా మెత్తగా కలిపించి, వాపు పెరగలేదని చూసుకున్నాకే గట్టిగా కలపనిచ్చారు. గుడ్డ పిండడం కూడా చేతిరుమాలుతో మొదలుపెట్టి తువ్వాలు దాకా తీసుకువెళ్లారు. తాళంచెవి తిప్పమన్నప్పుడు ముంజేయి తిరగక, నాకు తెలియకుండానే మోచేయి పక్కకు లేచి, ఆ పనిని భుజం చేసేసేది. తాళం తెరుచుకుంది కదా అని నేను సంతోషిస్తే, ఆవిడ నా మోచేతిని నడుముకు ఆనించి పట్టుకుని మళ్లీ తిప్పించేవారు. ఒంటరిగా చేసుకునేవారికి ఈ తేడా పట్టుబడడం చాలా కష్టం.

ఇది నిన్నమొన్న వచ్చిన పద్ధతి కూడా కాదు. కమలా నింబ్కర్ గారు 1950లోనే ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపీ పాఠశాలను ప్రారంభించారు.

అయితే ఒకరికి చెప్పిన పని మరొకరు చేయకూడదు. వేళ్లను ముడిచే టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) తెగి కుట్టించుకున్నవారు తొందరపడి గట్టిగా పిండితే, ఆ కుట్టు తెగిపోయే ప్రమాదం ఉంది. మీ అమ్మగారికి పని చేశాక వచ్చిన నొప్పి, వాపు మర్నాటికీ తగ్గకపోతే, థెరపిస్టుకు చెప్పి పని బరువు తగ్గించమనండి. అమ్మగారికి పూలు కట్టడం వంటి ఇష్టమైన పని ఏదైనా ఉంటే అది కూడా తప్పకుండా చెప్పండి, ఎప్పుడు మొదలుపెట్టవచ్చో వారే నిర్ణయిస్తారు.