పైలట్ సీటు వదిలి కమాండో దళంలోకి వెళ్లవచ్చా? ఒక మాజీ హెలికాప్టర్ పైలట్ అనుభవం

వైమానిక దళంలో మూడేళ్లుగా రవాణా హెలికాప్టర్లు నడుపుతున్నాననీ, ఆ సీటు వదిలి మన వైమానిక దళపు ప్రత్యేక దళమైన గరుడ్ కమాండోలలో చేరాలని మనసు లాగుతోందనీ, అది సాధ్యమేనా అనీ పాలకొల్లు తమ్ముడు ఒకరు అడిగారు. ఇంట్లో అమ్మగారికి ఎలా చెప్పాలో తెలియడం లేదని కూడా రాశారు. నాది రాజోలు ప్రాంతం. స్వల్పకాలిక కమిషన్ (నిర్ణీత ఏళ్లకే ఇచ్చే అధికారి ఉద్యోగం) మీద 14 ఏళ్లు హెలికాప్టర్లు నడిపి 2020లో బయటికి వచ్చాను. సరిగ్గా మీ వయసులో నాకూ ఇదే కోరిక కలిగింది, దాని వెంట కొంత దూరం నడిచాను కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

దారి ఉంది కానీ చాలా ఇరుకైనది. హకీంపేటలో చేతక్ అనే చిన్న హెలికాప్టర్‌తో మొదలుపెట్టి, యలహంకలో ఎంఐ-17 రవాణా హెలికాప్టర్ నేర్చుకుని, ఆ తర్వాత యూనిట్‌లో కో పైలట్‌గా ఉంటూ రాత్రి ప్రయాణాలకూ కొండ ప్రాంతాలకూ అర్హత సంపాదించి కెప్టెన్ అయ్యేసరికి ఒక మనిషి మీద ఎన్నేళ్ల కాలం, ఎంత ఇంధనం, ఎందరు శిక్షకుల ఓపిక ఖర్చవుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. అలా తయారైన మనిషిని వదులుకోవడానికి దళం తేలిగ్గా ఒప్పుకోదు. పైగా గరుడ్ అధికారులు సాధారణంగా గ్రౌండ్ డ్యూటీ శాఖల (విమానాలు నడపని, నేల మీది శాఖల) నుంచే వస్తారు. సైన్యంలోనైతే అక్కడి కమాండో దళమైన పారా స్పెషల్ ఫోర్సెస్ వివిధ విభాగాల నుంచి స్వచ్ఛందంగా వచ్చేవారిని ప్రొబేషన్ మీద తీసుకుని వడపోస్తుంది కాబట్టి అక్కడ వాకిలి కాస్త వెడల్పు. మీరున్నది వైమానిక దళం కాబట్టి ఆ వాకిలి మీకు ఉపయోగపడదు.

నా కోరిక ఎక్కడ పుట్టిందో ముందు చెబుతాను. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను ఊడ్చేసినప్పుడు నాకు పన్నెండేళ్లు. పెరట్లో కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపుకు ఒరిగి పడి ఉన్నాయి, గోడల మీద నీటి చార నా ఛాతీ ఎత్తున ఉంది. కొన్నాళ్లకు ఒక హెలికాప్టర్ మా ఊరి మీదికి వచ్చి ఆహార పొట్లాలు వదిలింది. ఊళ్లో అందరూ దాన్ని నడిపేవాడి గురించే మాట్లాడుకున్నారు గాని, నా కళ్లు మాత్రం నడుముకు పట్టీ కట్టుకుని తలుపు దగ్గర కూర్చుని, కిందికి వంగి, మా ముఖాలు చూసి మరీ పొట్లాలు తోస్తున్న మనిషి మీదే నిలిచిపోయాయి. నేను పైలట్‌నయ్యాను. ఆ తలుపు దగ్గరి మనిషి మాత్రం మనసులోంచి పోలేదు. తర్వాత ఒక సంయుక్త విన్యాసంలో నా హెలికాప్టర్‌లోంచి గరుడ్ బృందం తాళ్ల మీద జారి చీకట్లో కలిసిపోయినప్పుడు, నేను దిగవలసిన చోట నేను దిగకుండా ఉండిపోయినట్టు అనిపించింది. మరుసటి వారమే మా కమాండింగ్ ఆఫీసర్ గారి దగ్గరికి వెళ్లి అడిగేశాను.

ఆయన కాదనలేదు, అవుననలేదు. ముందు పది రోజులు వాళ్ల క్షేత్ర శిక్షణలో వాళ్లతో పాటు నడిచి రమ్మని, వాళ్ల అధికారితో మాట్లాడి పంపించారు. గరుడ్ దళం 2004లో మొదలైంది. ఉత్తరప్రదేశ్‌లోని చాందీనగర్‌లో వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. పూర్తి శిక్షణ 72 వారాలు, అంటే పదహారు నెలల పైమాటే. నేను చూసింది అందులో గోరంత. ఆ గోరంతలోనే నా గురించి నేను తెలుసుకోవలసింది చాలావరకు తెలిసిపోయింది.

మూడో రాత్రి దారి చూపే బాధ్యత నాకిచ్చారు. మ్యాపు చదవడం నా వృత్తి కదా, ఇందులో కష్టమేముందని అనుకున్నాను. వర్షపు కోటు కింద దూరి, ఎర్ర టార్చి వెలుగులో చూసుకున్నాను: రెండు వాగులు కలిసే చోటికి చేరి, అక్కడి నుంచి గట్టు ఎక్కాలి. మూడు వందల మీటర్ల ఎత్తు నుంచి అలాంటి కలయిక అరచేతి గీతల్లా కనిపిస్తుంది. కాలినడకన, చీకట్లో, వీపు మీద పాతిక కిలోల మూటతో వెళుతుంటే కనిపించేది ముందున్న ముళ్లకంపా, కాలి కింది వాలూ మాత్రమే. నలభై నిమిషాలు నడిపించాక, వెనుక ఉన్న సార్జెంట్ నా భుజం మీద చెయ్యి వేసి ఆపారు. ఆయన చేతిలో చిన్న తాడు, దానికి ముడులు. నూరు అడుగులకు ఒక ముడి చొప్పున వేసుకుంటూ వస్తున్నారు. "సార్, ఈపాటికి నీళ్ల చప్పుడు ఎడమ చెవికి వినిపించాలి. కుడి చెవికి వినిపిస్తోంది" అన్నారు మెల్లగా. నేను అసలు చప్పుడే వినలేదు. నా చెవులకు ఏళ్ల తరబడి హెడ్‌సెట్ అలవాటు. నేను తప్పు దారిలో ఉన్నానని ఆయనకు ముందే తెలిసి ఉంటుంది, అయినా నేర్చుకోనిచ్చారు. ఆ బృందంలో హోదాలో నాకంటే చిన్నవారు, పనిలో ఎంతో పెద్దవారు ఉన్నారు. వాళ్ల దగ్గర ఓనమాలు దిద్దుకోవడానికి మనస్ఫూర్తిగా సిద్ధపడినవారే ఆ వైపు చూడాలి. మీరు ఇప్పటికి ఎగిరి సంపాదించిన గంటలూ, పైలట్ రేటింగులూ అక్కడ లెక్కకు రావు.

తొమ్మిదో రోజున మరో సంగతి జరిగింది. వెనక్కి తీసుకెళ్లే హెలికాప్టర్ కోసం వాళ్లు ఒక మైదానాన్ని ఎంచుకున్నారు. చూడటానికి చదునుగా, విశాలంగా ఉంది. నేను వెళ్లి చూస్తే గాలి వెనుక నుంచి వస్తోంది, దిగే దారికి అడ్డంగా ఒక కరెంటు తీగ ఉంది, ఎండిన మన్ను పొడిపొడిగా ఉంది. ఆ మన్ను మీదికి ఎంఐ-17 దిగితే చివరి పది మీటర్లలో పైలట్‌కు ఏమీ కనిపించదని, అటు పక్కన గడ్డి ఉన్న చిన్న చెలక మేలని చెప్పి, ఎందుకో ఒక్కొక్కటే వివరించాను. సార్జెంట్ తన పుస్తకం తీసి రాసుకున్నారు. నేను వాళ్లకు ఎక్కడ పనికివస్తానో నాకు అప్పుడు అర్థమైంది.

కమాండోలకు పైలట్ పని ఎందుకు ముఖ్యమో చెప్పడానికి 1980 ఏప్రిల్ 24 నాటి సంగతి ఒకటి చాలు. ఇరాన్‌లో బందీలైన తమవారిని విడిపించడానికి అమెరికా పంపిన ఎనిమిది హెలికాప్టర్లలో ఒకటి దారిలో వదిలేయవలసి వచ్చింది, ఒకటి ధూళి మేఘాల వల్ల వెనుదిరిగింది, ఒకటి ఎడారిలో దిగాక ఇక పనికిరాదని తేలింది. కనీసం ఆరు కావాలి, మిగిలినవి ఐదు. ప్రయత్నం మానుకుని తిరిగి బయలుదేరే వేళ ఒక హెలికాప్టర్ నేల మీదున్న రవాణా విమానాన్ని ఢీకొని ఎనిమిది మంది చనిపోయారు. కమాండోలు శత్రువును చూడనే లేదు. ఆ దేశం మరుసటి ఏడాదే, 1981లో, ప్రత్యేక దళాలను రాత్రివేళ మోసుకెళ్లడమే పనిగా ఒక హెలికాప్టర్ దళాన్ని ఏర్పాటు చేసుకుంది. నేటి 160వ రెజిమెంట్ అదే. మన దగ్గర 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మధ్య, దీపాలు లేని వాదీ సయ్యిద్నా రన్‌వే మీద మన సీ-130జే రవాణా విమానం రాత్రి దృష్టి కళ్లద్దాల సాయంతో దిగి, అక్కడ చిక్కుకున్న 121 మంది మనవాళ్లను బయటికి తెచ్చింది. అందులో గరుడ్ కమాండోలు ఎనిమిది మంది ఉన్నారు. ఆ రాత్రి ప్రత్యేక కార్యాచరణలో ఉన్నది ఆ ఎనిమిది మంది మాత్రమేనని మీరు అనగలరా?

అందుకే తిరిగి వచ్చాక బదిలీ అడగలేదు. కమాండోలతో జరిగే ప్రతి విన్యాసానికీ నన్ను పంపమని అడిగాను. ఆ తర్వాతి ఏళ్లన్నీ దాదాపు ఆ పనిలోనే గడిచాయి. స్లిదరింగ్ (కమాండోలు తాళ్ల మీద జారి దిగడం) సమయంలో తాళ్లు పైలట్‌కు కనిపించవు. రాత్రి కళ్లద్దాలలో ఆకుపచ్చ లోకం 40 డిగ్రీల మేర మాత్రమే కనిపిస్తుంది, దూరాల అంచనా దెబ్బతింటుంది. తలుపు దగ్గర బోర్లా పడుకుని కిందికి చూసే ఫ్లైట్ గన్నర్ "ఎడమకు ఒకటి... ఆపండి... నలుగురు దిగారు... ఐదో మనిషి తాడు మీద ఉన్నాడు" అని చెబుతుంటే, ఆ గొంతును నమ్మి ఇరవై సెకన్లు చెయ్యి కదపకుండా ఉంచాలి. అరమీటరు జరిగితే ఆ ఐదో మనిషి రాతి మీద పడతాడు. నా జీవితంలో అంత పొడవైన ఇరవై సెకన్లు మరెక్కడా లేవు. చిన్నప్పుడు చూసిన తలుపు దగ్గరి మనిషి చివరికి నా వెనుకే, ఒక గొంతుగా, ఉన్నాడు.

ఇదంతా చదివి నేను మిమ్మల్ని ఆపుతున్నానని అనుకోవద్దు. విమాన శిక్షణ మధ్యలో ఆగిపోయి, గ్రౌండ్ శాఖకు మారి, అక్కడి నుంచి గరుడ్‌కు వెళ్లిన మిత్రుడు నాకున్నాడు. ఆ పని మీద అతనికి ఉన్నంత ప్రేమ నేను ఎవరిలోనూ చూడలేదు. అతనే నాకు చెప్పిన ఒక మాట మీరూ వినాలి. మోకాలో, భుజమో, వెన్నో దెబ్బతిని ఏ1జీ1 (పూర్తి ఆరోగ్య అర్హత) వైద్య శ్రేణి పోతే పైలట్ సీటుకు తిరుగుదారి దొరకకపోవచ్చు. రెండేళ్లు అటు వెళ్లి చూసి, నచ్చకపోతే వచ్చేస్తానన్న ఆలోచన పెట్టుకోకండి.

అమ్మగారికి చెప్పే విషయంలో నాకు తెలిసింది కొంచెమే. కాకినాడ తీరంలో అమెరికా దళాలతో జరిగే విన్యాసాలను టీవీలో చూసి మా అమ్మ "నువ్వు ఇలాంటి పనే చేసేవాడివా?" అని అడిగింది, నేను ఉద్యోగం వదిలాక. అన్నేళ్లు నేను చెప్పలేదు. 2017 నవంబరులో కశ్మీర్‌లోని బందిపొరాలో పోరాడి ప్రాణమిచ్చిన గరుడ్ కార్పొరల్ జ్యోతి ప్రకాశ్ నిరాలాకు 2018 గణతంత్ర దినోత్సవాన అశోక చక్ర ప్రదానం చేసినప్పుడు, ఆయన తల్లీ భార్యా ముందుకు వచ్చి అందుకోవడం మా ఇంట్లో అందరూ చూశారు; నేను లేచి బయటికి వెళ్లిపోయాను. మీరు అలా దాచకండి. నిర్ణయం తీసుకోకముందే చెప్పండి, తీసుకున్నాక చెబితే అది చెప్పడం అనిపించుకోదు.

ఇప్పుడు చేయవలసిన పని ఒకటే. దరఖాస్తు రాయకముందు, మీ కమాండింగ్ ఆఫీసర్ గారిని అడిగి, తర్వాతి సంయుక్త విన్యాసంలో వాళ్లతో పాటు నేల మీద పది రోజులు ఉండి రండి. ఆ తర్వాత కూడా దిగాలనే అనిపిస్తే దరఖాస్తులో ఏం రాయాలో నేను సాయం చేస్తాను. సంక్రాంతికి సెలవు దొరికితే చించినాడ వంతెన దాటి ఇటు రండి. తెల్లవారుజామున ఏటిగట్టు మీద చెరొక పాతిక కిలోల మూట వీపున వేసుకుని, నడుస్తూ మాట్లాడుకుందాం.