సోలార్ ప్యానెళ్లు పడమరకి తిప్పినా బిల్లు తగ్గలేదు, ట్రాకర్ (సూర్యుడి వెంట ప్యానెల్‌ని తిప్పే మోటారు ఏర్పాటు) పెట్టాలా? – సమాధానం

చిక్కు ప్యానెళ్లలో కాదు, యూనిట్ విలువ కట్టడంలో ఉంది. సాయంత్రం కరెంటు ఖరీదని హైదరాబాద్‌లో ప్యానెళ్లు పడమరకి తిప్పానన్నారు. మామూలు నెట్ మీటరింగ్‌లో (మనం లైనుకి పంపిన యూనిట్లని వాడుకున్న యూనిట్లలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) మధ్యాహ్నం యూనిటూ, సాయంత్రం యూనిటూ ఒకటే. మొత్తం యూనిట్లు ఎక్కువొచ్చే దిక్కే లాభం.

1. ముందు బిల్లు తీసి, వేళని బట్టి రేటు మారుతోందేమో చూడండి. అందరూ వదిలేసేది ఇదే. మారుతుంటే ఆ గంటలు రాసుకోండి. నవంబరు చివర్లో మనకి 5:40కే పొద్దు గుంకుతుంది. ఆ రోజుల్లో ఆరు దాటాక ఉండే రేటుని ఏ ట్రాకరూ అందుకోలేదు.

2. ఒకటే రేటైతే దక్షిణానికి తిప్పించండి. మన అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు, ప్యానెల్ వాలు కూడా అంతే చాలు.

3. ట్రాకర్ వద్దు. మోటారు మరమ్మతులు, మేడ మీద గాలి తాకిడి, రెండూ బాధే. జాగా ఉంటే ఆ డబ్బుతో ఇంకో ప్యానెల్ వేయించండి.